కౌలుకిచ్చిన క్లబ్బు

జోజప్పపేట ఫుట్‌బాల్ క్లబ్బు ఎలా దివాలా తీసిందో అడిగితే పేటలో ఒక్కడూ నిజం చెప్పడు. కరోనా అంటాడొకడు. ప్రభుత్వం పట్టించుకోలేదంటాడు ఇంకొకడు. దిష్టి తగిలిందనే మహానుభావులు కూడా ఉన్నారు, అదీ చర్చిలో ఆదివారం పూజ నుంచి వస్తూ! సవరయ్య ఒక్కడే ఉన్నమాట చెబుతాడు, మొహాన ఉమ్మినట్టు.

"తిని చచ్చిందయ్యా. మనమే తిని చంపాం."

అది అక్షరాలా నిజం. ఆగిరిపల్లి దాటి లోపలికి వెళితే మామిడి తోటల మధ్యన ఉంటుంది జోజప్పపేట. నూటపాతిక గడపలు, ఒక చర్చి, చర్చి వెనక రెండెకరాల గ్రౌండు. ఏటా ఈస్టర్ వెళ్ళిన ఆదివారానికి అక్కడ టోర్నమెంటు. పద్దెనిమిది జట్లొచ్చేవి. వచ్చిన ప్రతి జట్టుకీ, జట్టుతో వచ్చిన ప్రతివాడికీ, వాడి బావమరిదికీ రెండు పూటలా కోడి బిర్యానీ. పక్క పేటవాళ్ళు ముక్కలు తక్కువ వేశారని చెప్పుకోకూడదట, అదీ వీళ్ళ పౌరుషం. బంతికి అతుకు వేయించడానికి చందా అడిగితే జేబులు తడుముకునేవాళ్ళు, బిర్యానీ డేగిశాలకి మాత్రం చెవుల పోగులు తాకట్టు పెట్టేవాళ్ళు. ఇలా ఇరవై ఏళ్ళు తిన్నారు. చివరికి జిల్లా అసోసియేషన్‌కి కట్టాల్సిన రుసుము మూడేళ్ళుగా కట్టలేదని, జనవరి నెలాఖరులోగా కట్టకపోతే క్లబ్బు పేరు కొట్టేస్తామని ఉత్తరం వచ్చింది.

పేరు కొట్టేస్తే పోయేది పేరొక్కటే కాదు. క్లబ్బు ఉన్నంతకాలమే గ్రౌండు ఆటకి. క్లబ్బు లేకపోతే ఆ రెండెకరాలూ చర్చికి తిరిగిపోతాయి, అక్కడ మామిడి అంట్లు నాటిస్తారు. ఆ మాట ఫాదర్ గారు ముందే చెప్పారు, పాపం ఆయన దాచిపెట్టిందేమీ లేదు.

సవరయ్య సంగతి చెప్పాలి. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. సన్నగా, నల్లగా, గెడకర్రలా ఉంటాడు. వృత్తి మామిడికోత మేస్త్రీ, చేతి కింద పదిహేనుమంది కూలీలు. కాయని అంగుళం తొడిమతో కోయాలి, లేకపోతే సొన కారి కాయ నల్లబడుతుంది. తొడిమ లేని కాయ బుట్టలో కనబడితే కోసినవాడి తాతముత్తాతల్ని లేపి నిలబెట్టేవాడు. చిన్నప్పుడు ఒక ఇటలీ ఫాదరు దగ్గర బంతాట నేర్చుకున్నాడు. ఆట ఒక్కటే అబ్బిందా, ఆ ఫాదరుకున్న కోపం కూడా అబ్బింది.

ఆయనకి ప్రపంచంలో కావలసింది ఒకటే. సాయంత్రం ఐదింటికి గ్రౌండులో బంతి వేయాలి. వచ్చిన పిల్లలు వచ్చినట్టు ఆడాలి. చెప్పులు లేకపోయినా సరే, ఆట రాకపోయినా సరే, ఆడపిల్లలైనా సరే, బంతి కనపడనంత చీకటి పడేదాకా ఆడాలి. ముప్పై ఆరేళ్ళుగా ఇదే. కప్పులన్నా, లీగులన్నా ఆయనకి పూచికపుల్ల. అసలు టోర్నమెంటు బిర్యానీని ఆయన ఒక్కనాడూ ముట్టలేదు. ఆ మాట చెప్పుకోవడంలో మాత్రం తక్కువ తినలేదు.

ఉత్తరం వచ్చిన రోజు క్లబ్బు కార్యదర్శి జోజిబాబు గుండె బాదుకున్నాడు. చర్చిలో ప్రార్థనలు చెప్పించే ఉపదేశి కూడా అతనే కాబట్టి బాదుకోవడం కూడా కాస్త రాగయుక్తంగా ఉంటుంది. ఊళ్ళో చందా ఎత్తితే మూడు రోజులకి నాలుగు వేల చిల్లర పోగైంది. ఇక లాభం లేదని నూజివీడు వెళ్ళి మండీ నరసింహులు గారి కాళ్ళమీద పడ్డాడు.

నరసింహులుది మామిడి వ్యాపారం. ఒకప్పుడు మండీలో పెట్టెలు మోశాడు, ఇప్పుడు మండీయే ఆయనది. చుట్టుపక్కల సగం తోటలు ఆయన కౌలులోనే ఉంటాయి. కష్టపడి పైకొచ్చాడు, కాదనలేం. కానీ పైకొచ్చినవాడు కిందివాళ్ళందరినీ కాయల్లా చూడాలని ఏ శాస్త్రంలో రాసుందో తెలియదు. ఫుట్‌బాల్ మ్యాచ్ ఆయన జన్మలో చూడలేదు.

అయినా వచ్చాడు. జనవరిలో, తోటలన్నీ పూత మీదున్న రోజుల్లో, ఆదివారం పూజ అయ్యాక తెల్ల కారులో దిగాడు. చేతులు వెనక్కి కట్టుకుని గ్రౌండు చుట్టూ ఒక రౌండు తిరిగాడు. తోట మాట్లాడుకోవడానికి వచ్చినవాడు చెట్టుచెట్టుకీ ఆగి పూత చూసినట్టే, అక్కడ ఆడుతున్న ఒక్కొక్క కుర్రాడి దగ్గరా ఆగి కాళ్ళు చూశాడు. తర్వాత చర్చి వరండాలో కూర్చుని పెద్దలతో అన్నాడు.

"దానం అడక్కండి, నాకు దానాలు అలవాటు లేదు. మూడు కాపులకి కౌలు మాట్లాడుకుందాం. బాకీలన్నీ నేను కడతా. గోడ కట్టిస్తా, నీళ్ళు పెట్టిస్తా, జట్టుని నిలబెడతా. చెట్టు మీది, కాయ నాది. మూడు కాపులయ్యాక నా దారి నాది."

వేరే ఊరివాళ్ళయితే కాగితం అడిగేవాళ్ళు. ఏ ప్లీడరునో తెచ్చుకునేవాళ్ళు. మనవాళ్ళకి తోట కౌలు తప్ప ఇంకో ఒప్పందం పుట్టి బుద్ధెరిగాక తెలియదాయె! బాగా తెలిసిన మాట వినపడేసరికి ప్రాణం లేచొచ్చింది. గంగిరెద్దుల్లా తలలూపారు. సవరయ్యకి మాత్రం ఒళ్ళు మండిపోయింది.

"తోటంటే చెట్టుంటది, కాయుంటది. ఇక్కడ చెట్టేంటండీ? కాయేంటండీ?" అన్నాడు లేచి నిలబడి.

నరసింహులు నవ్వాడు. "అది నేను చూసుకుంటాలే సవరయ్యా."

"నువ్వు కూర్చో బాబాయ్, దేవుడు పంపిస్తే వచ్చారాయన," అని జోజిబాబు చొక్కా పట్టి లాగాడు.

బయానా చేతులు మారింది. ముచ్చట ముగిసింది. జోజప్పపేట చంకలు గుద్దుకుంది.

మాట ప్రకారం నరసింహులు వారంలో బాకీలన్నీ కట్టేశాడు. పడిపోయిన ప్రహరీ లేపించాడు. బోరు వేయించాడు. ఎన్నడూ లేనిది గ్రౌండులో పచ్చిక మొలిచింది. బెజవాడ నుంచి ఏడుగురు ఆటగాళ్ళు, నల్లకళ్ళద్దాల కోచ్ ఒకడు దిగారు. జెర్సీ మీద ముందు మండీ పేరు, వెనక రెండు బంగినపల్లి కాయల బొమ్మ. క్లబ్బు పేరు చంక కింద ఎక్కడో ఉంది, చెయ్యెత్తితే కనపడుతుంది. ఊరి కుర్రాళ్ళలో నలుగురిని ఉంచి మిగతావాళ్ళని కోచ్ ఇంటికి పంపేశాడు. మొదటి మ్యాచ్ ఒకటీ ఒకటీతో సమంగా ముగిస్తే నరసింహులు కుర్చీలోంచి లేచి పెద్ద గొడవ.

"గంటన్నర పరిగెత్తి సమానం ఏంటి? ఎవడో ఒకడు ఓడాలిగా! పొద్దున్నుంచి బేరమాడి సరుకు అమ్మకుండా ఇంటికెళ్తామా?"

రిఫరీ ఈల జేబులో పెట్టుకుని బయటికి నడిచాడు.

ఇవన్నీ సవరయ్య నవ్వుకుంటూ చూశాడు. వెటకారానికి ఇంత మేత ఎన్నాళ్ళకి దొరికింది! కానీ మ్యాచ్ అయిన మూడో రోజే నవ్వు ఆగిపోయింది. సాయంత్రం ఐదింటికి బంతి చంకన పెట్టుకుని, వెనక పాతికమంది పిల్లలతో గ్రౌండుకి వెళితే కొత్త ఇనప గేటుకి తాళం ఉంది. గేటు ముందు స్టూలు మీద రాజేష్ కూర్చున్నాడు. నిన్నమొన్నటి దాకా సవరయ్య చేతి కింద కాయలు కోసిన కుర్రాడే.

"తియ్యరా," అన్నాడు సవరయ్య.

"తీయకూడదు బాబాయ్. కౌల్లో ఉంది గదా. జట్టు తప్ప ఇంకెవరూ లోపలికెళ్ళకూడదన్నారు. కాపలా కాయమన్నారు, కాస్తున్నా. నన్నేం చేయమంటావు?"

"పసిపిల్లల మీద కాపలా ఏంట్రా వెధవా?"

రాజేష్ తల దించుకున్నాడు గానీ తాళం తీయలేదు. పిల్లలు కాసేపు గేటు ఊచలు పట్టుకుని ఊగి, రోడ్డు మీదికి పోయారు.

ఆ రోజు నుంచి ఆట రోడ్డు మీదే. తోటలకి మందు తెచ్చే ట్రాలీ ఆటోలు, నూజివీడు బస్సు, కాలేజీ కుర్రాళ్ళ బళ్ళు, వీటి మధ్యలో బంతి. ఫిబ్రవరిలో ఒక సాయంత్రం బంతి ట్రాలీ ఆటో చక్రం కిందపడి ఢామ్మని పేలింది. దాని వెనకే పరిగెత్తిన వినీల అనే పదకొండేళ్ళ పిల్ల చక్రానికి జానెడు దూరంలో ఆగింది. సవరయ్య ఆ పిల్లని రెండు చేతులా ఎత్తుకెళ్ళి వాళ్ళమ్మకి అప్పగించాడు. రోడ్డు మీద ఆట ఆ క్షణమే మాన్పించేశాడు. ముప్పై ఆరేళ్ళలో మొదటిసారి మర్నాడు ఐదింటికి జోజప్పపేటలో బంతి చప్పుడు లేదు.

ఇంత జరిగినా పేటలో ఒక్కడు గేటు గురించి నోరెత్తితే ఒట్టు. తేలు కుట్టిన దొంగలు నయం. "ఆయన పెట్టుబడి పెట్టాడు, ఆ మాత్రం ఉంటదిలే," అనుకున్నారు. అలాంటిది మార్చిలో నరసింహులు, ఈసారి టోర్నమెంటుకి బిర్యానీ లేదు, మనిషికో పులిహోర పొట్లం, మామిడి రసం ప్యాకెట్టు, అంతే అన్నాడు. అప్పుడు చూడాలి పేట రోషం! ముసలీముతకా వీధిలోకొచ్చారు. మన పరువేం కావాలన్నారు. సవరయ్య చెప్పుల దుకాణం దగ్గర నిలబడి అందరికీ వినపడేట్టు అరిచాడు.

"మీ పిల్లల్ని రోడ్డు మీదికి తోలితే పోని పరువు కోడిముక్కతో పోయిందా? థూ!"

అరిచినందువల్ల గేటు తెరుచుకోదు కదా. చివరికి తానే నూజివీడు మండీకి వెళ్ళాడు. నరసింహులు కుర్చీ చూపించాడు, టీ తెప్పించాడు, మర్యాదకేం లోటు లేదు.

"చూడు సవరయ్యా, నువ్వు కోత మేస్త్రీవి, నీకు తెలియనిదా? కౌలిచ్చిన తోటలోకి రైతు పిల్లలొచ్చి కొమ్మలెక్కుతుంటే నువ్వేం చేస్తావు?"

సవరయ్య ఏం చేస్తాడు? ముప్పై ఏళ్ళుగా కర్ర పుచ్చుకుని తరుముతూనే ఉన్నాడు. ఈ నరసింహులు తోటల్లోంచే తరిమాడు. టీ సగం తాగి లేచొచ్చేశాడు. బస్సులో దారంతా తనని తాను తిట్టుకున్నాడు, మధ్యమధ్యలో నరసింహుల్ని కూడా.

ఈస్టర్‌కి వారం ముందొచ్చేది మట్టల ఆదివారం, దానికి ముందు గురువారం. సరోజ గారి తోటలో తొలికోత. సరోజ గారంటే తోట ఆసామి, తోట నరసింహులుకి కౌలుకిచ్చింది. పది గంటలప్పుడు ఆవిడ గొడుగేసుకుని వచ్చి, ఆవకాయకి కాయలు పంపమంది. మండీ గుమాస్తా మారుమాట్లాడకుండా వంద కాయలు లెక్కపెట్టి ఇప్పించాడు. అది ఇక్కడి ఆచారం. తోట ఎంతకి మాట్లాడుకున్నా, ఎవరు మాట్లాడుకున్నా, ఆసామి ఇంటికి పచ్చడి కాయలు పంపాల్సిందే. కాగితంలో రాయరు, నోటితో చెప్పరు, అయినా ఎవడూ ఎగ్గొట్టడు. ఎగ్గొట్టినవాడికి మరుసటేడు ఈ చుట్టుపక్కల ఒక్క తోట దొరకదు.

ఆ వంద కాయలూ కోసి బుట్టలో పోసింది సవరయ్యే. పోస్తూ పోస్తూ ఆగిపోయాడు.

"ఏంటయ్యా, కళ్ళు తిరుగుతున్నాయా?" అంది పక్కన కాయలేరుతున్న భార్య సుసన్నా.

"మనకి పచ్చడి కాయలు ఇవ్వలేదే!" అన్నాడు సవరయ్య.

"మనకేం తోటుందని?"

"ఉందే పిచ్చిదానా. రెండెకరాలు."

మట్టల ఆదివారం నాడు టోర్నమెంటు ఏర్పాట్లు మాట్లాడటానికి నరసింహులు వచ్చాడు. అదే చర్చి వరండా. పెద్దలంతా ఉన్నారు, తోటలున్న ఆసాములు ముగ్గురు నలుగురు కూడా వచ్చి కూర్చున్నారు. సవరయ్య ఈసారి అరవలేదు. చేతులు కట్టుకుని అడిగాడు.

"కౌలు మాట్లాడుకున్నారు, బాగుంది. చెట్టు మాదన్నారు, అదీ బాగుంది. మరి మా పచ్చడి కాయలేవండీ?"

ఆసాములు నరసింహులు మొహంలోకి చూశారు. ఆయన ఏమంటాడో వినాలని వాళ్ళకి ఎక్కడలేని ఆత్రం. నరసింహులు కాసేపు గడ్డం గోక్కున్నాడు. వ్యాపారి కదా, ఎక్కడ తగ్గాలో తెలుసు. ఎంత తగ్గాలో అంతకంటే బాగా తెలుసు.

"ఉంటాయి, ఎందుకుండవు? మరి ఏం కావాలి?"

"రోజూ సాయంత్రం గేటు తీయాలి. పిల్లలు ఆడుకోవాలి."

"ఒక గంట. ఐదు నుంచి ఆరు. ఆరు తర్వాత పచ్చికకి నీళ్ళు పెట్టాలి. ఒక్క రోజు ఆరు దాటినా మాట పోయినట్టే." నరసింహులు నవ్వాడు. "కానీ సవరయ్యా, ఆసామి అయినా పచ్చడి కాయలు అడిగి పుచ్చుకోవాలి. తానే కోసుకుపోకూడదు. అవునా కాదా?"

"అవునండీ," అన్నారు ఆసాములంతా. అది కూడా ఆచారమే మరి.

"అయితే ఫైనల్ రోజున మైకులో అడుగు. నలుగురి ముందు అడుగు. క్లబ్బుని ఎవరు నిలబెట్టారో చెప్పి మరీ అడుగు. అప్పుడిస్తా."

సవరయ్యంటే ఒకరికి నమస్కారం పెట్టడానికే నడుం వంగని మనిషి. ఫైనల్‌కి ఇంకా రెండు వారాలున్నాయి. జోజిబాబు సాయం చేద్దామని ఒక కాగితం రాసుకొచ్చాడు. అందులో నరసింహులు గారు దానకర్ణులు, క్రీడాబంధువులు, ఫుట్‌బాల్ లోకపు ఆశాజ్యోతి. సవరయ్య దాన్ని నాలుగు ముక్కలు చేసి జోజిబాబు జేబులోనే పెట్టాడు.

"వెళ్ళి దీన్ని మళ్ళీ ఆయనకే చదివి వినిపించు. నా నోటికి ఈ పాచి తగలనివ్వను."

ఫైనల్ రోజు ఎండ మండిపోతోంది. కొత్త గోడ నిండా నరసింహులు ఫ్లెక్సీలు. ఒక దాంట్లో ఆయన బంతి మీద కాలు పెట్టి నిలబడ్డాడు, చెప్పులతో. మండీ జట్టు రెండు గోల్స్‌తో గెలిచింది. గెలిపించినవాళ్ళంతా బెజవాడవాళ్ళే, అయినా జోజప్పపేట ఎగిరి గంతులేసింది. పులిహోర బాగాలేదని తిట్టుకుంటూనే రెండేసి పొట్లాలు లాగించింది. కప్పులు పంచడం అయ్యాక జోజిబాబు మైకులో సవరయ్య పేరు పిలిచాడు.

సవరయ్య మెట్లెక్కాడు. కింద మొదటి వరసలో పాతికమంది పిల్లలు నేల మీద కూర్చున్నారు. వాళ్ళకి విషయం తెలుసు. వాళ్ళ వైపు చూడకుండా ఉండాలని ఆయన పైన చాందినీ వైపు చూశాడు.

"నాకు మాట్లాడటం రాదు," అన్నాడు. "ఈ క్లబ్బు చచ్చిపోయింది. ఎవరో చంపలేదు, మనమే చంపాం. నరసింహులు గారు వచ్చి బతికించారు. ఆయన రాకపోతే ఇక్కడ ఈపాటికి అంట్లు నాటేసేవాళ్ళు. మా పిల్లలు ఆడుకోవడానికి రోజుకో గంట గ్రౌండు ఇప్పించమని ఆయన్ని..." మైకులో ఊపిరి మాత్రం వినిపించింది. "ఆయన్ని అడుగుతున్నానండీ."

చప్పట్లు మారుమోగిపోయాయి. నరసింహులు ఉదారంగా చెయ్యెత్తి, "ఇచ్చాం!" అన్నాడు. అంతటితో వదల్లేదు, ఎర్ర శాలువా ఒకటి తెప్పించి సవరయ్య భుజాల మీద కప్పాడు. ఏప్రిల్ నెలాఖరు ఎండలో శాలువా! ఫోటోలు తీశారు.

ఇంటికి నడుస్తూ శాలువాని ఉండచుట్టి చంకలో కుక్కుకున్నాడు. సుసన్నా పక్కనే నడుస్తోంది.

"ఎందుకయ్యా అంత కుమిలిపోతావు? నువ్వు చెప్పిందాంట్లో ఒక్క ముక్క అబద్ధముందా?"

"లేదే. అదే కదే నా ఏడుపు," అన్నాడు. "అబద్ధమైతే ఇంటికెళ్ళి నోరు పుక్కిలించి ఉమ్మేసేవాణ్ణి. వాడు ఎంత వెధవైనా నిజంగానే నిలబెట్టాడు. ముప్పై ఆరేళ్ళు అక్కడే పడున్నా, నా వల్ల కాలేదు."

సుసన్నా ఆయన చంకలోని శాలువా లాక్కుని మడతపెట్టుకుంటూ నడిచింది.

మర్నాడు ఐదింటికి రాజేష్ గేటు తీశాడు. పిల్లలు అరుచుకుంటూ లోపలికి దూసుకుపోయారు. కొత్త పచ్చిక మీద పడి పొర్లారు, కావాలని మళ్ళీ పడ్డారు. వినీల కొట్టిన బంతి గోల్ దాటి గోడకి తగిలితే అదే గోల్ అని దెబ్బలాట. సవరయ్య గీత బయట నిలబడి అందరినీ పేరుపేరునా తిట్టాడు. మూడు నెలల తిట్లు బాకీ ఉన్నాయి కదా.

కానీ ఆయన కళ్ళు ఆట మీద నిలవలేదు. మాటిమాటికీ జేబులోంచి ఫోను తీసి టైము చూసుకున్నాడు. వెలుగు ఇంకా బోలెడుంది, తోటల మీద ఎండ కూడా దిగలేదు. రాజేష్ గేటు దగ్గర స్టూలు మీద కూర్చుని బఠాణీలు తింటున్నాడు, టైము సంగతి వాడికి పట్టనే లేదు. ఇంకో పది నిమిషాలు ఆడినా అడిగేవాడు కాదు.

ఆరుకి ఇంకా ఐదు నిమిషాలుండగానే సవరయ్య ఈల వేశాడు. బంతి తీసి చంకన పెట్టుకున్నాడు.

"తాతా, ఇంకా వెలుగుంది! ఇంకొక్క గోల్ తాతా!" అని పిల్లలు కాళ్ళకి చుట్టుకున్నారు.

"నోర్ముయ్యండి. బయటికి నడవండి ముందు," అని అరిచాడు. పక్కనున్న వేపమండ విరిచి, ఒక్కొక్కరినీ గేటు దాకా తోలుకొచ్చి, అందరూ బయటపడ్డారో లేదో లెక్కపెట్టుకుని, గేటు తానే మూసి రాజేష్‌తో అన్నాడు.

"తాళం వెయ్యి బాబూ. ఆరు కాలేదు, చూసుకో."